పాత డాబా మీద పైన గదులు వేయొచ్చా? – ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. పాత ఇళ్లు కొనేవాళ్లు, అమ్మేవాళ్లు, బాగు చేయించుకునేవాళ్లు ఫోన్ చేయొచ్చు. బ్యాంకు లోన్లకి ఇళ్ల విలువ కట్టే సివిల్ ఇంజనీరు గారు మనతో ఉన్నారు. హలో, చెప్పండి.

కాలర్ (సత్యనారాయణపురం, విజయవాడ): హలో... అమ్మా, వినపడుతోందా?

యాంకర్: వినపడుతోందండి, టీవీ సౌండ్ కాస్త తగ్గించండి.

కాలర్: తగ్గించానమ్మా. నేను రిటైర్డ్ టీచర్ని. మాది నాన్నగారు కట్టించిన ఇల్లు, మద్రాసు టెర్రస్, అన్నీ టేకు దూలాలే, ఇప్పుడు అలాంటి కలప ఎక్కడ దొరుకుతుంది చెప్పండి. పండక్కి పిల్లలందరూ వస్తే పడుకోవడానికి చోటు చాలట్లేదు, అంచేత పైన రెండు గదులు వేద్దామని. కింద మధ్య గోడ తీసేస్తే హాలు కూడా పెద్దదవుతుందని మేస్త్రీ అంటున్నాడు. కొట్టించొచ్చా అండీ?

ఇంజనీర్: మాస్టారూ, ఆ గోడ జోలికి పోకండి. మీ ఇంటికి పిల్లర్లు ఉండవు, బరువంతా గోడలదే. దూలాల మీద సన్న ఇటుకలు ఐమూలగా నిలబెట్టి, పైన సున్నం కాంక్రీటు వేసి దిమ్మిస కొట్టి ఉంటారు. ఆ దూలాల కొసలు మధ్య గోడ మీదే కూర్చుని ఉంటే, గోడ తీసిన రోజు కప్పు కిందికొస్తుంది. పైన గదుల మాట తర్వాత. ఇప్పుడు కారుతోందా?

కాలర్: వంటింటి వైపు కారుతోందండి. రెండంగుళాల మందాన సిమెంటు కాంక్రీటు పోయించాం, ఒక్క వానాకాలం ఆగింది, మళ్లీ మొదలు.

ఇంజనీర్: అందరూ చేసేది ఇదే. సిమెంటుకి బీట పడింది, నీళ్లు అందులోంచి దిగి సున్నంలో నిలిచాయి, పైగా ముసలి దూలాల మీద బరువు పెరిగింది. కారే చోట దూలం గోడలోకి దూరే కొస ఉంటుంది చూడండి, అక్కడ స్క్రూడ్రైవర్‌తో పొడవండి. మెత్తగా దిగితే పుచ్చినట్టే. నడిమి భాగం బాగానే కనపడుతుంది, పాడయ్యేది కొసలే.

కాలర్: అలాగేనండి. గోడ మొత్తం కాదు, సగం తీసేస్తేనో?

ఇంజనీర్: సగం కూడా వద్దు మాస్టారూ! తీయాల్సిందే అంటే స్ట్రక్చరల్ ఇంజనీరు వచ్చి చూసి, ఇనప దూలం లెక్కగట్టి, ముందు కప్పు కింద ఊతకర్రలు నిలబెట్టించాలి. పైన గదులు కావాలంటే పునాది నుంచి వేరే పిల్లర్లు లేపాలి, కార్పొరేషన్ ప్లాను కావాలి. ఆ ఖర్చుకి కొత్త ఇల్లే నయమనిపిస్తుంది. ఇంతకీ దస్తావేజు ఎవరి పేర ఉంది?

కాలర్: నాన్నగారి పేరే. ఇంటిపన్ను మాత్రం నా పేరునే వస్తుంది, నేనే కడుతున్నాను.

ఇంజనీర్: ఇంటిపన్ను రశీదు హక్కు పత్రం కాదు. విల్లు రాశారా?

కాలర్: లేదండి. అమ్మ కూడా పోయింది. చెల్లాయి ఉంది, దానికి పెళ్లప్పుడే ఇవ్వాల్సింది ఇచ్చేశాం.

ఇంజనీర్: ఇస్తే ఇచ్చారు. తండ్రి తన సంపాదనతో కట్టి విల్లు రాయకుండా పోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కూతురికీ కొడుకుతో సమానంగా వాటా. భాగ పంపకమన్నా జరగాలి, లేదా ఆవిడ హక్కు వదులుకుంటూ దస్తావేజు రిజిస్టరు చేయించాలి. నోటిమాట మీద ఏ బ్యాంకూ లోన్ ఇవ్వదు. ముందు చెల్లెలితో కూర్చుని మాట్లాడండి, మేస్త్రీతో తర్వాత.

కాలర్: అది నా మాట కాదనదులెండి. అయితే గోడ...

యాంకర్: థాంక్యూ మాస్టారూ. గుంటూరు అరండల్‌పేట నుంచి, చెప్పండి.

కాలర్: సార్, పాత ఇల్లు బేరం కుదిరింది. ఈ వారమే బయానా ఇవ్వమని ఒకటే టెన్షన్ పెడుతున్నారు. ఆన్‌లైన్‌లో ఈసీ, అదే ఆ ఇంటి మీద రిజిస్టరైన అమ్మకాలు, తాకట్లు చూపించే పత్రం, తీశాను, క్లీన్‌గా ఉంది.

ఇంజనీర్: ఆన్‌లైన్ ఈసీ 1983 నుంచే వస్తుంది. అంతకుముందుది సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పాత రికార్డు వెతికించుకోవాలి. లింకు డాక్యుమెంట్లు, అంటే ఆ ఇల్లు ఇదివరకు చేతులు మారిన పాత దస్తావేజులు, ఒరిజినల్ చూపించమనండి. జిరాక్సు చూసి బయానా ఇవ్వకండి. కొత్తగా రంగులేసిన పాత ఇల్లు వానాకాలంలో ఒకసారి చూడండి.

కాలర్: వాళ్లు అంతదాకా ఆగేలా లేరు సార్.

ఇంజనీర్: ఆగకపోతే వదిలేయండి.

యాంకర్: తర్వాతి కాలర్, విజయవాడ సింగ్ నగర్.

కాలర్: సార్, 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు వరద నీళ్లు మా ఇంట్లో నిలిచాయి. తర్వాత లప్పం పెట్టి రంగులు వేయించాం, అంతా పెచ్చులు పెచ్చులుగా రాలిపోతోంది.

ఇంజనీర్: తెల్లగా పొడి కూడా రాలుతోందా? అది ఉప్పు. గోడ తడారకుండానే లప్పం పెట్టేశారు. నీటి మరకకి అడుగు పైదాకా ప్లాస్టరింగ్ గీకించి, ఇటుక పూర్తిగా ఆరనివ్వండి, నెలలు పట్టినా సరే. వాటర్‌ప్రూఫ్ పెయింట్ వేశారంటే చెమ్మ లోపలే ఉండిపోతుంది, వేయకండి.

యాంకర్: ఇంకొక్క కాల్, త్వరగా అండీ, టైమ్ అయిపోతోంది.

కాలర్ (వన్‌టౌన్): సార్, పక్కింటికీ మాకూ ఒకటే గోడ. వాళ్లు ఇల్లు పడగొట్టి కడతారంట...

ఇంజనీర్: పడగొట్టక ముందే మీ గోడల మీదున్న బీటలన్నీ తేదీ పడేలా ఫోటోలు తీసి పెట్టుకోండి. ఉమ్మడి గోడ విషయం కాగితం మీద రాయించుకోండి. వాళ్లు పునాది తవ్వేటప్పుడు మీ మనిషి ఒకడు అక్కడ ఉండాలి.

కాలర్: వాళ్లు రేపే మొదలుపెడతారంట సార్!

ఇంజనీర్: అయితే ఫోన్ పెట్టేసి ఫోటోలు తీయండి.