సెలైన్ ఎక్కిస్తే బలం వస్తుందా?

వ్యాఖ్యాత: నీరసంగా ఉంటే చాలు, "ఓ బాటిల్ ఎక్కించండి" అంటాం. తప్పా డాక్టర్ గారూ?

డాక్టర్: అడగనివాళ్లే తక్కువండీ! మామూలు సెలైన్ అంటే నీళ్లు, ఉప్పు. లీటరుకు 9 గ్రాముల ఉప్పు, అంతే. అందులో బలం ఎక్కడిది?

వ్యాఖ్యాత: గ్లూకోజ్ బాటిల్?

డాక్టర్: 5 శాతం ద్రావణమైతే అరలీటరులో 25 గ్రాములు. అంటే ఓ 100 కేలరీలు. గ్లాసుడు పాలు నయం.

వ్యాఖ్యాత: కానీ ఎక్కించాక లేచి కూర్చుంటున్నారుగా?

డాక్టర్: ఒంట్లో నీరు తగ్గినవాళ్లు లేస్తారు. దాని పనే అది. 1832లో థామస్ లాటా అనే స్కాట్లండ్ వైద్యుడు, కలరాతో కొనఊపిరి మీదున్న ఓ వృద్ధురాలికి సిరలోకి, అంటే రక్తనాళంలోకి, ఉప్పునీళ్లు ఎక్కించాడు. ఆవిడ తేరుకుంది. ఆయన మరొకరికి అప్పజెప్పి వెళ్లాడు. విరేచనాలు మళ్లీ మొదలయ్యాయి, మళ్లీ ఎక్కించలేదు. కొన్ని గంటల్లోనే పోయింది. బాటిల్ తగిలించడంతో పని అయిపోదండీ.

నర్సు: ఆ తర్వాతి పని మాదే! బాటిల్‌కు తగిలించే మామూలు ట్యూబు సెట్‌లో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. అరలీటరు 4 గంటల్లో వెళ్లాలంటే నిమిషానికి 42 చుక్కలు పడాలి. నేను సరిచేసి అటు తిరగ్గానే, తొందరగా ఇంటికెళ్లొచ్చని పక్కనున్నవాళ్లు ట్యూబు మీద వేగం మార్చే చక్రం తిప్పేస్తారు.

డాక్టర్: గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకు అది ప్రమాదం. ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వస్తుంది. పొటాషియం కలిపిన బాటిలైతే మరీ జాగ్రత్త, వేగంగా వెళ్తే గుండే ఆగొచ్చు.

వ్యాఖ్యాత: బాటిల్ ఖాళీ అయితే నరంలోకి గాలి వెళ్తుందని నాకు భలే టెన్షన్.

డాక్టర్: అందరూ నరమే అంటారు, నిజానికది సిర. నరమంటే నొప్పి కబురు మోసేది, అందులోకి సూది దిగితే ప్రాణం విలవిల్లాడుతుంది! ట్యూబులో చిన్న బుడగలకు సాధారణంగా భయపడక్కర్లేదు. బాటిల్ ఖాళీ అయితే ఎక్కువగా జరిగేది, రక్తం ట్యూబులోకి వెనక్కొచ్చి గడ్డకట్టడం.

నర్సు: అప్పుడు ఇంకో చోట మళ్లీ గుచ్చాలి. బుడగకు భయపడి పరుగెత్తుకొచ్చేవాళ్లు, చెయ్యి వాస్తే మాత్రం పిలవరండీ. "ఇంకాస్తే ఉంది సిస్టర్, అయిపోనీ" అంటారు. ఆ కాస్తా సిరలోకి పోవట్లేదు, చర్మం కింద చేరుతోంది!