లండన్‌లో ఫండ్ కేసుల లాయర్‌గా నా పని ఇదీ

నమస్కారం అండి, అందరూ బాగున్నారా? లా చదువుతున్న పిల్లలు చాలా మంది నన్ను ఒకటే అడుగుతారు, అక్కా, మీరు రోజూ కోర్టులో వాదిస్తారా అని. లేదమ్మా, నేను సొలిసిటర్‌ని. పెద్ద కోర్టుల్లో నిలబడి వాదించేది ఎక్కువగా బారిస్టర్లు, క్లయింటుతో మొదటి ఫోన్ కాల్ దగ్గర నుంచి చివరి ఖర్చుల లెక్క దాకా కేసు నడిపేది మేము. అందులో నాది ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్లు, అంటే చాలా మంది డబ్బు కలిపి షేర్ల లాంటివాటిలో పెట్టేవి, వ్యాపార ఒప్పందాల తగాదాలు.

ఈస్ట్ హామ్‌లో ట్రైన్ ఎక్కి ఇప్పుడే ఫారింగ్‌డన్‌లో దిగాను, ఇక్కడి నుంచి నడకే. అదిగో, ఫెటర్ లేన్‌లో కనిపిస్తోందే, అదే రోల్స్ బిల్డింగ్, 2011లో తెరిచారు. కమర్షియల్ కోర్టు కేసులు, కంపెనీల కేసులు ఇందులోనే నడుస్తాయి. ఇంగ్లండ్ కోర్టుల్లో ఫొటోలు తీయడం 1925 చట్టం ప్రకారం నేరం, అందుకే లోపల చూపించలేను. కానీ బహిరంగ విచారణ అయితే ఎవరైనా వెళ్ళి వెనక కూర్చుని వినొచ్చు, టికెట్టూ లేదు, పర్మిషనూ అక్కర్లేదు. లండన్ వచ్చిన లా స్టూడెంట్లు లండన్ ఐ కన్నా ముందు ఇది చూడాలని నా కోరిక.

మా ఆఫీసు కేసుల గురించి బయట మాట్లాడకూడదు కాబట్టి అందరికీ తెలిసిన వుడ్‌ఫర్డ్ ఫండ్ సంగతి చెప్తాను. నీల్ వుడ్‌ఫర్డ్ అంటే ఇక్కడ ఒకప్పుడు చాలా పేరున్న ఫండ్ మేనేజర్. ఆయన ఈక్విటీ ఇన్‌కమ్ ఫండ్‌లో ఏ రోజు కావాలంటే ఆ రోజు డబ్బు వెనక్కి అడగొచ్చు. కానీ ఆ డబ్బులో చాలా భాగం త్వరగా అమ్ముడుపోని షేర్లలో, కొంత అసలు స్టాక్ మార్కెట్లో లిస్ట్ కాని కంపెనీల్లో పెట్టారు. చిట్టీ నడిపే ఆవిడ డబ్బంతా స్థలం మీద పెట్టాక, అందరూ ఒకేసారి గుమ్మం ముందుకొచ్చి నిలబడితే ఎలా ఉంటుందో అలా అయింది. కెంట్ కౌంటీ కౌన్సిల్, అంటే అక్కడి స్థానిక ప్రభుత్వం, తన పెన్షన్ డబ్బు పాతిక కోట్ల పౌండ్లకు పైగా వెనక్కి కావాలనేసరికి, 2019 జూన్ 3న ఫండ్‌ను స్తంభింపజేశారు. దాదాపు 3 లక్షల మంది డబ్బు ఆగిపోయింది, రిటైరైనవాళ్ళు, పిల్లల చదువుకని దాచుకున్నవాళ్ళు. ఫండ్ నడిచే తీరుకి చట్టప్రకారం బాధ్యత ఉన్న లింక్ అనే సంస్థ నుంచి 23 కోట్ల పౌండ్ల వరకు ఇన్వెస్టర్లకు చేరే సెటిల్‌మెంట్‌ను హైకోర్టు 2024 ఫిబ్రవరిలో ఆమోదించింది. అంటే దాదాపు ఐదేళ్ళు. ఆ ఐదేళ్ళ టెన్షన్ తల్చుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

ఇలాంటి కేసు ఏది వచ్చినా మేం వెతికేది ఒకటే, ఎవరికి ఎప్పుడు తెలుసు. దానికోసం రాసేదాన్ని క్రోనాలజీ అంటాం. లక్షల మెయిళ్ళు, మీటింగ్ నోట్లు రెలటివిటీ లాంటి సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించి, పనికొచ్చినవి ఏరి తేదీల వారీగా పేర్చడం. వినడానికి గుమాస్తా పనిలా ఉంటుంది గానీ కేసు గెలుపోటములు చాలాసార్లు అక్కడే తేలతాయి. ఉదాహరణకి, షేరు ధర గురించి ఒక మెయిల్ 10:40కి వెళ్ళింది, దానికి జవాబు 9:52కి వచ్చినట్టు కనిపిస్తుంది. ప్రశ్న కంటే ముందు జవాబెలా వస్తుంది? ఒక సర్వర్ లండన్ ఎండాకాలం టైమ్ వేసింది, ఇంకోటి యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్ వేసింది, అది గంట వెనక ఉంటుంది. దాన్ని సరిచేస్తే జవాబు 12 నిమిషాల తర్వాత వచ్చిందని తేలుతుంది. సరిచేయకపోతే అవతలి బారిస్టర్ మన సాక్షిని ఆ ఒక్క గంట పట్టుకుని చీల్చి చెండాడతాడు.

ఇంకో సంగతి, మనకి నష్టం చేసే కాగితం మన దగ్గర ఉందని తెలిస్తే దాన్ని కూడా అవతలివాళ్ళకి ఇచ్చి తీరాలి, ఇక్కడి కోర్టు నియమం అది. క్లయింటుకి ఈ మాట చెప్పడం కష్టం, అయినా మొదటి మీటింగ్‌లోనే చెప్పేస్తాను.

ఇక్కడ సొలిసిటర్ అవ్వాలంటే ఎస్‌క్యూఈ అనే అర్హత పరీక్ష రాయాలి, 2021లో మొదలైంది. మొదటి భాగంలో 360 ప్రశ్నలు. ఇండియాలో అడ్వకేట్‌గా ఎన్‌రోల్ అయ్యుంటే రెండేళ్ళ పని అనుభవం నిబంధన మీకు ఉండదు. వీసా, స్పాన్సర్ దొరకడం వేరే కథ, దాని గురించి ఎవరైనా తేలికని చెప్తే నమ్మకండి.

ఇక్కడిదాకా రావాలని కూడా లేదు. 2020లో ఇండియాలో ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ అనే మ్యూచువల్ ఫండ్ సంస్థ ఆరు డెట్ స్కీములు, అంటే అప్పు పత్రాల్లో డబ్బు పెట్టే ఫండ్లు, మూసేస్తామన్నప్పుడు, యూనిట్లు కొన్నవాళ్ళ సమ్మతి తప్పనిసరి అని మొదట కర్ణాటక హైకోర్టు, 2021లో సుప్రీంకోర్టు చెప్పాయి. చిన్న ఇన్వెస్టరుకి అది ఎంత పెద్ద మాటో చూడండి. ఆ తీర్పులు కూర్చుని చదవండి, ఇంగ్లండ్ తీర్పులైతే ఇక్కడి నేషనల్ ఆర్కైవ్స్ సైట్లో ఉచితంగా దొరుకుతాయి. చదివేటప్పుడు పక్కన ఒక తెల్లకాగితం పెట్టుకుని తేదీలన్నీ వరసగా రాయండి. సరే, నాకు టైమ్ అవుతోంది, బారిస్టర్‌తో మీటింగ్ ఉంది, కెమెరా ఆపేస్తున్నా.