ధనుష్కోటి స్టేషన్: బోట్ మెయిల్ ఆగిన చోటు

అందరికీ నమస్కారం.

రామేశ్వరం యాత్రకు వెళ్లిన మనవాళ్లు చాలామంది ధనుష్కోటి కూడా చూసి వస్తారు. సేతు స్నానం చేసి, ఇసుకలో నిలిచిన మొండిగోడల దగ్గర ఫొటోలు దిగుతారు. ఆ గోడల్లో కొన్ని రైల్వే స్టేషన్‌వి. ఈ రోజు దాని గురించే చెబుతాను.

1914 ఫిబ్రవరిలో రామేశ్వరం దీవిని ప్రధాన భూభాగంతో కలిపే పాంబన్ రైలు వంతెన తెరిచారు. అంతవరకు యాత్రికులు దీవికి పడవల్లోనే వెళ్లేవారు. వంతెన దాటాక, పాంబన్‌లో మీటర్‌గేజ్ లైను రెండుగా చీలేది. రామేశ్వరం వైపు సుమారు 10 కిలోమీటర్లు, ధనుష్కోటి వైపు 24. మద్రాసు నుంచి వచ్చే బోట్ మెయిల్ అనే రైలు వెళ్లింది ధనుష్కోటికే. సముద్రం మీద అంత ఖర్చు పెట్టి వంతెన కట్టింది ప్రధానంగా సిలోన్, అంటే నేటి శ్రీలంక, రాకపోకల కోసం. ఇది మనం మర్చిపోయాం.

రైలు దిగి రేవులో స్టీమర్ ఎక్కితే సుమారు 35 కిలోమీటర్ల అవతల సిలోన్ తీరంలోని తలైమన్నార్. అక్కడ కొలంబో రైలు. మద్రాసులో కొన్న ఒకే టికెట్టుతో ఈ ప్రయాణమంతా అయ్యేది. అందుకే ఈ చిన్న ఊళ్లో కస్టమ్స్ ఆఫీసు కూడా ఉండేది.

1964 డిసెంబర్ 22 అర్ధరాత్రి దాటాక తుఫాను విరుచుకుపడింది. పాంబన్ నుంచి బయల్దేరిన 653 నంబరు ప్యాసింజరు స్టేషన్ దగ్గరికి వచ్చాక ఉప్పెనలో కొట్టుకుపోయింది. అందులో ఉన్న నూరుమందికి పైగా జనంలో ఒక్కరూ మిగల్లేదు. మన సావిత్రి, జెమినీ గణేశన్ ఆ రాత్రి రామేశ్వరంలోనే చిక్కుకుపోయారు.

తర్వాత జరిగింది జాగ్రత్తగా వినండి. వంతెన గర్డర్లు చాలావరకు సముద్రంలో పడిపోయాయి. అయినా ముప్పై ఏళ్లు దాటిన యువ ఇంజనీరు శ్రీధరన్ ఆధ్వర్యంలో 46 రోజుల్లో దాన్ని మళ్లీ నిలబెట్టారు. ధనుష్కోటి లైను మాత్రం వేయలేదు. ఊరు నివాసానికి పనికిరాదని ప్రభుత్వం ప్రకటించింది. స్టీమర్లు రామేశ్వరానికి మారాయి, 1980ల్లో శ్రీలంక యుద్ధంతో అవీ ఆగిపోయాయి. తుఫాను స్టేషన్‌ను కూల్చిందన్న మాట నిజమే గానీ, మళ్లీ కట్టకూడదని నిర్ణయించుకున్నది మనుషులు. ఆ నిర్ణయం తప్పని నేననను. అంత సన్నని ఇసుక నేల మీద ఊరు నిలపడం సాహసమే.

2019లో రామేశ్వరం నుంచి ధనుష్కోటికి కొత్త లైనుకు శంకుస్థాపన జరిగింది. అది వచ్చినా రాకపోయినా, మిగిలిన స్టేషన్ గోడలను ఉప్పుగాలి తినేయకముందే రైల్వేశాఖ పటిష్ఠం చేయాలి. ఈ విన్నపం మీద సంతకాలు పెట్టమని మిమ్మల్నందరినీ కోరుతున్నాను.