బిషప్పు లేని కెథడ్రల్: ప్రొటెస్టెంటు సంఘంలో ఎవరి మాట చెల్లుతుంది?

[తెర మీద: మెదక్ చర్చి గోపురం, తర్వాత లోపలి రంగుటద్దాల కిటికీలు]

అందరికీ వందనాలు.

మెదక్ వెళ్లనివాళ్లు కూడా ఈ చర్చి ఫోటో చూసే ఉంటారు. కరువు కాలంలో జనానికి పని, తిండి దొరకాలని చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ ఈ కట్టడాన్ని తలకెత్తుకున్నారు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. గోపురం ఎత్తు 175 అడుగులు. ఇప్పుడు దీన్ని కెథడ్రల్ అని పిలుస్తున్నాం. బిషప్పు పీఠం ఉండే చర్చికే ఆ పేరు. ప్రతిష్ఠ జరిగిన రోజున మాత్రం మెదక్‌కు బిషప్పు లేడు. ఆ చర్చిని కట్టిన వెస్లియన్ మెథడిస్టుల్లో అసలు ఆ పదవే లేదు. దాదాపు 23 ఏళ్ల తర్వాత, 1947లో, ఫ్రాంక్ విటేకర్ మెదక్ మొదటి బిషప్పు అయ్యారు. ఆయనా మెథడిస్టే.

బిషప్పు అవసరం లేదనుకున్నవాళ్లు బిషప్పును ఎందుకు ఒప్పుకున్నారు? దీనికి జవాబు కావాలంటే మూడు విషయాలను కలిపి చూడాలి: బాప్తిస్మం ఎవరికి ఇస్తారు, ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభురాత్రి భోజనం) దగ్గర ఏం జరుగుతుంది, సంఘంలో చివరి మాట ఎవరిది. మనం వీటిని విడివిడిగా వాదించుకుంటాం. నా ఉద్దేశంలో ఇవి ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. ఒకదాని మీద మీరు తీసుకున్న నిర్ణయం మిగతా రెండింటినీ లాగుతుంది.

[తెర మీద: 1520]

ప్రొటెస్టెంటు ఉద్యమానికి నాంది పలికిన జర్మన్ సంస్కర్త మార్టిన్ లూథర్ దగ్గర మొదలుపెడదాం. రోమన్ కేథలిక్ సంఘంలో సంస్కారాలు, అంటే దేవుని కృపకు గుర్తుగా జరిపే పవిత్ర ఆచారాలు, ఏడు. 1520లో లూథర్ అందులో చాలావాటిని పక్కన పెట్టాడు. క్రీస్తు స్వయంగా ఆజ్ఞాపించాడా? కంటికి కనిపించే గుర్తు, దానితోపాటు వాగ్దానం ఉన్నాయా? ఈ పరీక్షకు పూర్తిగా నిలిచినవి బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం. పాపపు ఒప్పుకోలు విషయంలో ఆయన కొంత తటపటాయించాడు కానీ చివరికి మిగిలినవి రెండే. ఇప్పటికీ చాలా ప్రొటెస్టెంటు సంఘాల లెక్క ఇదే. అయితే అందరిదీ కాదు. సాల్వేషన్ ఆర్మీ ఈ రెండింటినీ ఆచరించదు, క్వేకర్లూ అంతే.

అదే ఏడాది లూథర్ ఇంకో మాట గట్టిగా చెప్పాడు. పేతురు మొదటి పత్రిక రెండో అధ్యాయంలో విశ్వాసులందరినీ కలిపి "రాజులైన యాజకసమూహము" అని పిలిచారు కదా. అందరూ యాజకులే అయితే, రొట్టె విరిచి ఇవ్వడానికి ప్రత్యేకంగా ఒక మనిషి ఎందుకు? ఈ ప్రశ్నను లూథర్ దాటవేయలేదు. హక్కు అందరిదీ, అందుకే సంఘం పిలవకుండా ఏ ఒక్కరూ దాన్ని సొంతం చేసుకోకూడదు అన్నాడు. 1530 నాటి లూథరన్ల ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన 14వ అధికరణంలో ఇదే ఉంది: క్రమప్రకారం పిలుపు పొందనివారు సంఘంలో బహిరంగంగా బోధించకూడదు, సంస్కారాలు ఇవ్వకూడదు. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ అవసరమవుతుంది.

[తెర మీద: మార్‌బర్గ్ కోట, 1529 అక్టోబరు]

ఇక బల్ల. జర్మనీలోని మార్‌బర్గ్ కోటలో లూథర్, జ్యూరిక్ నుంచి వచ్చిన ఉల్‌రిచ్ జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చున్నారు. పదిహేను అంశాల్లో పద్నాలుగింటి మీద ఏకాభిప్రాయం కుదిరింది. పదిహేనోదాని దగ్గర, అందులోనూ ఒక్క ముక్క దగ్గర ఆగిపోయారు. "ఇది నా శరీరము" అని క్రీస్తు చెప్పిన మాటను లూథర్ సుద్దముక్కతో తన ముందున్న మేజా మీద లాటిన్‌లో రాసుకున్నాడని అక్కడున్నవాళ్లు చెప్పారు. ఆయనకు ఆ మాట ఉన్నది ఉన్నట్టే: రొట్టెతోపాటు క్రీస్తు శరీరం నిజంగా అందుతుంది. జ్వింగ్లీకి అది జ్ఞాపకార్థం: క్రీస్తు శరీరం పరలోకంలో ఉంది, ఇక్కడ మనం ఆయన మరణాన్ని తలచుకుని విశ్వాసాన్ని చాటుతున్నాం. తర్వాత వచ్చిన జెనీవా సంస్కర్త జాన్ కాల్విన్ మూడో దారి చెప్పాడు: క్రీస్తు శరీరం రొట్టెలోకి దిగదు, అయినా పరిశుద్ధాత్మ ద్వారా విశ్వాసి నిజంగా క్రీస్తుతోనే పోషణ పొందుతాడు.

"నన్ను జ్ఞాపకము చేసికొనుటకై దీనిని చేయుడి" అన్న వాక్యాన్ని ముగ్గురూ చదివారు, ముగ్గురూ దానికి లోబడ్డారు. అందుకే, ఫలానా సంఘంవాళ్లు బైబిలు చదవరు కాబట్టే అలా నమ్ముతున్నారు అని ఎవరైనా అంటే నాకు బాధ కలుగుతుంది. ఈ తేడాలన్నీ బైబిలును అత్యంత శ్రద్ధగా చదివినవాళ్ల మధ్య వచ్చినవే.

కనీసం వారానికొకసారి ప్రభువు బల్ల ఉండాలని కాల్విన్ కోరుకున్నాడు. జెనీవా నగర సభ ఒప్పుకోలేదు, ఏడాదికి నాలుగుసార్లు చాలంది. ఎంత పెద్ద వేదాంతి అయినా బల్ల ఎన్నిసార్లు వేయాలో ఒంటరిగా తేల్చలేకపోయాడు. సంస్కారం, పరిపాలన ఎలా ముడిపడ్డాయో ఇక్కడే కనిపిస్తుంది. ఈరోజు మన తెలుగు ప్రాంతంలో భక్త్ సింగ్ పరిచర్య ద్వారా ఏర్పడిన సహవాసాలు ప్రతి ఆదివారం రొట్టె విరుస్తాయి. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) సంఘాల్లో చాలాచోట్ల నెలకొకసారి. ఎక్కువసార్లు తీసుకుంటే విలువ తగ్గుతుందని కొందరి భయం. తిండి విషయంలో అలా అనుకోం కదా. నేను కాల్విన్ పక్షాన ఉన్నాను.

[తెర మీద: లిమ్మాట్ నది, జ్యూరిక్]

నీళ్ల దగ్గరికి వస్తే కథ నెత్తుటి పాలవుతుంది. 1525 జనవరి 21న జ్యూరిక్‌లో కొద్దిమంది ఒక ఇంట్లో చేరి, పసితనంలో పొందిన బాప్తిస్మం చెల్లదని, తమ సొంత విశ్వాసంతో మళ్లీ బాప్తిస్మం తీసుకున్నారు. అందులో ఒకడైన ఫెలిక్స్ మాంజ్‌ను 1527 జనవరి 5న నగర పాలకులు లిమ్మాట్ నదిలో ముంచి చంపారు. చంపించినవాళ్లూ ప్రొటెస్టెంట్లే. ఈ మచ్చను దాచకూడదు.

ఎందుకంత కోపం? ఆ కాలంలో ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డకూ బాప్తిస్మం ఇచ్చేవారు. ఊరు, సంఘం ఒకటే. నగర సభకు సంఘం మీద అధికారం అక్కడినుంచే వచ్చింది. సొంతంగా నమ్మినవాళ్లే సంఘం అన్నారంటే, నగర సభకు ఇక సంఘంలో పని లేదన్నట్టే. అలాంటి సంఘాన్ని ఎవరు నడపాలి? ఒప్పుకోలు చేసి చేరినవాళ్లే. అందుకే విశ్వాసుల బాప్తిస్మాన్ని నమ్మిన బాప్టిస్టుల్లో సభ్యుల సమావేశమే పాస్టరును పిలుస్తుంది, సభ్యులను చేర్చుకుంటుంది, అవసరమైతే క్రమశిక్షణ చేస్తుంది. పైనున్న సమాఖ్య సలహా ఇస్తుంది, సాయపడుతుంది, హుకుం జారీ చేయదు.

చిన్నబిడ్డలకు బాప్తిస్మం ఇచ్చే సంఘాలకూ బలమైన ఆధారమే ఉంది. ఫిలిప్పీ చెరసాల నాయకుడు "అతడును అతని ఇంటివారందరును" బాప్తిస్మం పొందారు అంటుంది అపొస్తలుల కార్యముల గ్రంథం. పాత నిబంధనలో ఎనిమిదో రోజు బిడ్డకు సున్నతి చేసినట్టే, దేవుని నిబంధన కుటుంబాన్ని కూడా పట్టుకుంటుందని వాళ్లు అంటారు. కృప ముందు, మన జవాబు తర్వాత.

[తెర మీద: గుండ్లకమ్మ]

మన నేల మీద విశ్వాసుల బాప్తిస్మం అన్న నమ్మకం ఎలా పనిచేసిందో ఒంగోలు చెబుతుంది. 1876 నుంచి 78 వరకు ఘోరమైన కరువు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో ఒక భాగం గుత్తకు తీసుకుని వేలమందికి పని చూపించారు. అక్కడ బోధ విన్నవాళ్లు బాప్తిస్మం అడిగారు. ఆయన ఏడాదికి పైగా ఇవ్వలేదు. తిండి కోసం వచ్చినవాళ్లెవరో, విశ్వాసంతో వచ్చినవాళ్లెవరో తేలాలి కదా. సాయం ఆగిపోయిందని తెలిసిన తర్వాత కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది తెలుగు బోధకులు. ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా. ఆ అంకె ఎంత గొప్పదైనా, నాకు అంతకంటే గొప్పగా తోచేది ఆ ఏడాదిపాటు ఆగడం.

[తెర మీద: జెనీవా, 1541]

ఇక కుర్చీ, అంటే చివరి మాట ఎవరిది. రెండు పద్ధతులు చెప్పుకోవచ్చు: ఇంగ్లండులోని ఆంగ్లికన్ సంఘంలో మాదిరిగా బిషప్పులు, బాప్టిస్టుల్లో మాదిరిగా సభ్యుల సమావేశం. మూడోది పెద్దల పాలన. 1541 నాటి జెనీవా నియమాల్లో కాపరులు, బోధకులు, పెద్దలు, పరిచారకులు అని నాలుగు పరిచర్యలు ఏర్పరిచారు. కాపరులు మూడు నెలలకొకసారి కూర్చుని ఒకరి తప్పులు ఒకరు ముఖాముఖి చెప్పుకోవాలి. కాల్విన్‌కూ మినహాయింపు లేదు. స్కాట్లండు ప్రెస్బిటేరియన్లు ఈ దారినే పట్టారు.

[తెర మీద: తరంగంబాడి సముద్రతీరం, 1919]

ఇప్పుడు మెదక్ ముడి విప్పవచ్చు. ఇంగ్లండు, స్కాట్లండు, అమెరికా తగాదాలన్నీ మిషనరీలతోపాటు ఇక్కడికీ దిగాయి. ఒక ఊళ్లో ఆంగ్లికన్, పక్క ఊళ్లో మెథడిస్టు, అవతల లూథరన్. పెళ్లి సంబంధం కలుపుకున్న రెండు కుటుంబాలు ఒకే బల్ల దగ్గర కూర్చోలేని పరిస్థితి. 1919 మే నెలలో తమిళనాడు తీరంలోని తరంగంబాడిలో, మొదటి ప్రొటెస్టెంటు మిషనరీలు 1706లో దిగిన ఆ ఊళ్లోనే, 33 మంది సంఘ నాయకులు కూడుకున్నారు. ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ఈ చీలికలు మేం కోరుకున్నవి కావు, మా మీద పడ్డవి అన్నారు.

వారిలో ముఖ్యుడు వి.ఎస్. అజరయ్య. తిరునల్వేలి ప్రాంతం నుంచి దోర్నకల్లుకు వచ్చి తెలుగు నేర్చుకుని, 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషప్పు అయ్యారు. కొత్తగా బాప్తిస్మం పొందినవాళ్ల చేత తమ తలమీదే చెయ్యి పెట్టించి, "సువార్తను ప్రకటింపకపోయిన యెడల నాకు శ్రమ" అనిపించేవారు. అక్షరం రాని కూలీకి కూడా ఆ క్షణంలో పరిచర్య అప్పగించినట్టే. అందరూ యాజకులే అన్న లూథర్ మాటకు ఇంతకంటే మంచి ఆచరణ నేను వినలేదు, అదీ ఒక బిషప్పు చేతుల మీదుగా!

చర్చలు 28 ఏళ్లు సాగాయి. ప్రధానంగా పీటముడి పడింది ఇక్కడ: బిషప్పు చేతులుంచి అభిషేకించని ప్రెస్బిటేరియన్, మెథడిస్టు పాస్టర్లు ఇచ్చే ప్రభురాత్రి భోజనం చెల్లుతుందా? మళ్లీ అభిషేకిస్తామంటే ఇన్నాళ్ల వాళ్ల పరిచర్యను కొట్టిపారేసినట్టే. చివరికి ఒక నిర్ణయం చేశారు. ఎవరినీ మళ్లీ అభిషేకించరు, అందరినీ ఉన్నవాళ్లను ఉన్నట్టే స్వీకరిస్తారు. ఇక ముందు అభిషేకాలన్నీ బిషప్పుల ద్వారానే జరుగుతాయి. బిషప్పు రాజు కాడు, సంఘ రాజ్యాంగానికి, సినడ్ అనే ప్రతినిధుల సభకు లోబడి ఉంటాడు. బిషప్పు పదవి గురించి ఫలానా సిద్ధాంతమే నమ్మాలన్న నిబంధన లేదు. ఏ సంఘం మీదా దాని మనస్సాక్షి ఒప్పని పాస్టరును రుద్దకూడదు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., ఏర్పడింది. అజరయ్య అది చూడలేదు, 1945 జనవరి 1న కన్నుమూశారు.

అందరూ చేరలేదు. లూథరన్లు, బాప్టిస్టులు బయటే ఉన్నారు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది కూడా, బిషప్పు అభిషేకం లేని పరిచర్యను ఒప్పుకోలేక వెనకాడారు. ఆ డయోసిస్ (ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతం) సి.ఎస్.ఐ.లో పూర్తిగా కలిసింది 1975లో. అదే నంద్యాలకు 2013లో ఇ. పుష్పలలిత బిషప్పు అయ్యారు. సి.ఎస్.ఐ.లో ఆ పదవి చేపట్టిన మొదటి మహిళ ఆమె.

సి.ఎస్.ఐ.ని ఆదర్శంగా చూపడం నా ఉద్దేశం కాదు. ఎన్నికల తగాదాలు, ఆస్తుల గొడవలు కోర్టులదాకా వెళ్లడం అందరూ చూస్తున్నదే. కానీ ఒక్కటి గమనించండి. బిషప్పులు, పెద్దలు, సభ్యుల సమావేశం, ఈ మూడు పద్ధతుల్లోనూ కాపరి మీద ఎవరో ఒకరు ఉన్నారు. బిషప్పు మీద సినడ్, పాస్టరు మీద పెద్దల సభ, లేదా సభ్యులందరూ. అందుకే గొడవ వస్తే అడిగే చోటు ఒకటి ఉంది.

మన ఊళ్లలో ఇప్పుడు ఎక్కువగా పెరుగుతున్నవి స్వతంత్ర సంఘాలు. వాళ్ల ప్రార్థనను, ఆసక్తిని నేను తక్కువ చేయను. పాత సంఘాలు అడుగుపెట్టని వాడల్లోకి వాళ్లు వెళ్లారు. కానీ చాలాచోట్ల స్థలం పాస్టరుగారి పేరు మీద, ట్రస్టులో కుటుంబ సభ్యులు, తర్వాత పాస్టరు ఆయన కొడుకు. ఇది బిషప్పుల పద్ధతి కాదు, పెద్దల పద్ధతి కాదు, బాప్టిస్టుల పద్ధతీ కాదు. 14వ అధికరణం చెప్పిన క్రమమైన పిలుపు ఇక్కడ ఎవరి దగ్గర నుంచి వచ్చింది? చిన్నప్పుడు బాప్తిస్మం పొంది సి.ఎస్.ఐ.లోనో లూథరన్ సంఘంలోనో పెరిగినవాళ్లకు ఇలాంటి చోట్ల మళ్లీ బాప్తిస్మం ఇస్తున్నారు. దానివల్ల ఇళ్లల్లో తల్లిదండ్రులకూ పిల్లలకూ మధ్య మాటలు ఆగిపోతున్నాయి. అక్కడ కూడా ఆ నిర్ణయం ఒక్క మనిషిదే.

[తెర మీద: ప్రశ్నలు ఒక్కొక్కటిగా]

ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మీ సంఘ పెద్దలను అడగండి. మన పాస్టరుగారిని ఎవరు పిలిచారు? ఆయన తప్పు చేస్తే ఎవరి ముందు జవాబు చెప్పాలి? కానుకల లెక్క ఏడాదికి ఎన్నిసార్లు చదువుతారు? సంఘ స్థలం ఎవరి పేరు మీద ఉంది? సభ్యుల జాబితాలో నా పేరు ఎప్పుడు, ఏ బాప్తిస్మం ఆధారంగా రాశారు? సంఘ నియమావళి ప్రతి ఒకటి ఇవ్వమనండి. రాతపూర్వకమైన నియమావళి లేదంటే, సభ్యుల సమావేశం పెట్టి తయారుచేయమని కోరండి.