మామూలు రేటు వుడీ పర్ఫ్యూమ్ వేసుకుంటే పొద్దున్నుంచి రాత్రి దాకా ఏం జరుగుతుంది?

హాయ్ అండి, అందరికీ నమస్తే. ఇవాళ ఒకే ఒక్క బాటిల్ గురించి మాట్లాడతా, అది కూడా ఖరీదైనది కాదు, మామూలు రేటులో దొరికే మగవాళ్ల వుడీ పర్ఫ్యూమ్, అంటే చెక్క లాంటి వాసన ఉండేది. పేరు చెప్పట్లేదు, ఎందుకంటే నేను చెప్పబోయేది ఈ రేంజ్‌లో ఉండే చాలా బాటిల్స్‌కి వర్తిస్తుంది. పొద్దున 7 గంటలకి కొట్టుకున్నా, రాత్రి పడుకునే దాకా మధ్యమధ్యలో మణికట్టు వాసన చూసుకుంటూ ఫోన్‌లో రాసుకున్నా, ఆ రాసుకున్నదే ఇప్పుడు మీకు వరసగా చెప్తా.

[స్క్రీన్ మీద: ఉదయం 7:00]

కొట్టగానే ముందు ఆల్కహాల్ గుప్పుమంది. అది రెండు మూడు సెకన్లలో ఎగిరిపోయి నిమ్మతొక్క గిల్లినట్టు ఒక పుల్లటి వాసన, దాని వెనకాలే బట్టల సబ్బు లాంటి శుభ్రమైన వాసన, కొంచెం మిరియాల ఘాటు. బాగుందా అంటే బాలేదండి. మొదటి పది నిమిషాలు నాకు ఇది సెంటులా కాదు, అప్పుడే తుడిచిన నేలలా అనిపించింది. చాలామంది షాపులో పేపర్ ముక్క మీద కొట్టి, ఈ పది నిమిషాల్లోనే చూసి, "చీప్‌గా ఉంది" అని పక్కన పెట్టేస్తారు, అక్కడే తప్పు జరుగుతుందని నా గట్టి అభిప్రాయం.

ఆ సబ్బు వాసన ఎందుకొస్తుందంటే, డైహైడ్రోమిర్సినాల్ అని ఒక పదార్థం ఉంది, బట్టల సబ్బుల్లో డిటర్జెంట్లలో బాగా వాడతారు, మగవాళ్ల పర్ఫ్యూమ్స్‌లో కూడా అంతే. 1982లో వచ్చిన డ్రక్కర్ న్వార్ అనే పర్ఫ్యూమ్ దీన్ని పెద్ద మోతాదులో వాడి పేరు తెచ్చుకుంది, అప్పట్నుంచి "ఫ్రెష్‌గా ఉన్న మగాడి వాసన" అంటే ఇదే అన్నట్టు అయిపోయింది. దీనికి బదులు మంచి బెర్గమాట్ (నిమ్మ జాతి కాయ) నూనె పోయాలంటే అది ఎక్కువగా ఇటలీ దక్షిణాన కలాబ్రియాలో పండే కాయల తొక్క నుంచి తీయాలి, ఖర్చు ఎక్కువ. అందుకే రేటు తగ్గించాలంటే ముందు కోత పడేది ఈ మొదటి పావుగంట వాసన మీదే.

అయితే ఇక్కడ ఒక మంచి విషయం ఉంది. నిమ్మ జాతి వాసనలో ముఖ్యమైన లిమోనీన్ చాలా తేలికైన అణువు, దాని బరువు 136. చెక్క వాసన ఇచ్చే చాలా అణువుల బరువు 200 పైనే. తేలికైనవి తొందరగా ఎగిరిపోతాయి, బరువైనవి చర్మాన్ని పట్టుకుని కూర్చుంటాయి. అంటే బాగోలేని భాగం తనంతట తనే వెళ్లిపోతుంది, మనం ఓపిగ్గా ఉంటే చాలు.

[స్క్రీన్ మీద: ఉదయం 8:30]

ఇప్పుడు అసలు సంగతి మొదలైంది. పెన్సిల్ చెక్కినప్పుడు వచ్చే పొట్టు వాసన తెలుసు కదా, పొడిగా, కొంచెం తియ్యగా, అదే వచ్చింది, దాని కింద మెత్తగా వెల్వెట్ లాంటిది ఇంకోటి. ఒక్కోసారి ఉన్నట్టే ఉండి మాయమవుతుంది, చెయ్యి కదిపితే మళ్లీ వస్తుంది.

ఇది ఐసో ఇ సూపర్ అనే అణువు లక్షణం. 1970లలో ఐఎఫ్ఎఫ్ అనే కంపెనీ ల్యాబ్‌లో పుట్టింది, ప్రకృతిలో దొరకదు, ఫ్యాక్టరీలో చేస్తారు, పర్ఫ్యూమ్ ముడిసరుకుల్లో చవకైన వాటిలో ఇదొకటి. ఇప్పుడు ఇది వినండి. 2006లో గేజా షోన్ అనే పర్ఫ్యూమర్ మాలిక్యూల్ 01 అని ఒకటి తెచ్చాడు, అందులో సువాసన కోసం వేసింది ఐసో ఇ సూపర్ ఒక్కటే, ఇంకేం లేదు, జనం ఎగబడి కొన్నారు. అదే 2006లో జాన్ క్లోడ్ ఎలెనా చేసిన టెర్ ద ఎర్మేస్ అనే ఖరీదైన పర్ఫ్యూమ్ వచ్చింది, అందులో కూడా ఈ అణువు భారీగా ఉంటుంది. అంటే ఖరీదైన బాటిల్‌కీ నా చేతిలో ఉన్న ఈ మామూలు బాటిల్‌కీ పునాది ఒకటే! మిగతా పర్ఫ్యూమ్ రకాల్లో, ముఖ్యంగా పూల వాసనల్లో, తక్కువ రేటు అంటే తేడా వెంటనే తెలిసిపోతుంది, వుడీలో మాత్రం చవక సరుకు కూడా నిజంగా మంచి సరుకే, నేను కొత్తవాళ్లకి వుడీతో మొదలుపెట్టమని చెప్పేది అందుకే.

బాక్స్ వెనక చిన్న అక్షరాల్లో టెట్రామిథైల్ అసిటైల్‌ఆక్టాహైడ్రోనాఫ్తలీన్స్ అని కనిపిస్తే భయపడకండి, అది ఐసో ఇ సూపర్‌కి లేబుల్ మీద రాసే పేరు.

ఇంకో మాట, "వుడీ" అన్నంత మాత్రాన అన్నీ చెక్క నుంచి రావు. వెటివర్ అనేది గడ్డి వేరు, మన వట్టివేరే, ఆ ఇంగ్లిష్ పేరు కూడా తమిళంలోని వెట్టివేర్ నుంచి వెళ్లిందే. ఆ నూనె ఇప్పుడు ఎక్కువగా హైతీ నుంచి వస్తుంది. ప్యాచౌలి అనేది ఒక మొక్క ఆకు. పర్ఫ్యూమ్ డబ్బాల మీద వర్జీనియా సెడార్ అని రాసేది నిజానికి సెడార్ చెట్టే కాదు, జూనిపర్ జాతి, ఒకప్పుడు పెన్సిళ్లు ఎక్కువగా చేసిన చెక్క కూడా అదే, అందుకే మనకి పెన్సిల్ గుర్తొస్తుంది. ఇక గంధం సంగతికొస్తే, అసలు గంధం నూనె చెట్టు చేవలోంచి తీయాలి, ఆ చేవ ముదరడానికి ఏళ్లకేళ్లు పడుతుంది, కాబట్టి ఈ రేటులో అసలు గంధం ఉంటుందని ఆశపడొద్దు, జావనాల్, శాండలోర్ లాంటి ల్యాబ్ అణువులే ఉంటాయి. నాకైతే అందులో మోసమేం కనిపించలేదు, వాసన పాలలా మెత్తగా ఉంటే చాలు.

[స్క్రీన్ మీద: మధ్యాహ్నం 1:00]

ఎండలో బయటికి వెళ్లొచ్చా. ఒంటి వేడికి పర్ఫ్యూమ్ మళ్లీ లేచింది, కానీ ఈసారి ఒక సూది లాంటి ఘాటు కూడా వచ్చింది, ముక్కు లోపల గీసినట్టు. మామూలు రేటు వుడీల్లో నాకున్న అసలు ఫిర్యాదు ఇదొక్కటే. వుడీ ఆంబర్స్ అని కొన్ని అణువులు ఉన్నాయి, నోర్లింబనాల్ లాంటివి, చాలా కొంచెం వేస్తే పర్ఫ్యూమ్ గంటలకొద్దీ నిలబడుతుంది, "లాంగ్ లాస్టింగ్" అనిపించుకోవాలని ఇవి కొంచెం చెయ్యి జారి పోస్తే ఇలా గుచ్చుకుంటుంది. ఆంబ్రాక్సన్ వీటికన్నా మెత్తనిది, క్లారీ సేజ్ మొక్క నుంచి వచ్చే స్క్లారియాల్‌తో తయారు చేస్తారు. స్పెర్మ్ తిమింగలం కడుపులో పుట్టే ఆంబర్‌గ్రిస్ వాసనకి బదులుగా వాడతారన్నమాట, ఉప్పగాలి లాంటి వెచ్చదనం ఉంటుంది. మీ బాటిల్ ఎండలో గుచ్చుకుంటుంటే దాన్ని చల్లటి రోజులకి, సాయంత్రాలకి ఉంచుకోండి, పారేయొద్దు.

[స్క్రీన్ మీద: సాయంత్రం 4:00]

నాకు వాసన ఏమీ తెలియట్లేదు. పోయిందా? పోలేదు, ఈ ఒక్క విషయం మాత్రం జాగ్రత్తగా వినండి.

కొన్నేళ్ల క్రితం ఇలాగే పోయిందనుకుని నాలుగు స్ప్రేలు మళ్లీ కొట్టుకుని మూసి ఉన్న మీటింగ్ రూమ్‌లో కూర్చున్నా. పక్కనున్న ఆవిడ కాసేపు ఓర్చుకుని, "ఏమనుకోకండి, నాకు తల నొప్పిగా ఉంది, కొంచెం అటు కూర్చుంటారా" అని చాలా మర్యాదగా అడిగింది. నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది, ఎందుకంటే నా ఒంటి వాసన వల్ల ఒకరు గంటసేపు ఇబ్బంది పడ్డారు, నాకేమో ఏమీ తెలియలేదు.

ఒకే వాసన ఆగకుండా తగులుతుంటే ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, కొత్త వాసన వస్తే పట్టుకోవడానికి అలా చేస్తుంది. దానికి తోడు, ఐసో ఇ సూపర్ లాంటివి, పెద్ద మస్క్ (కస్తూరి లాంటి వాసన) అణువులు కొంతమందికి పుట్టుకతోనే సరిగ్గా అందవు. కాబట్టి "నాకు రావట్లేదు" అంటే "ఎవరికీ రావట్లేదు" అని కాదు. పక్కనున్న మనిషిని అడగండి. లేదంటే ఒక పది నిమిషాలు బయట తిరిగొచ్చి చొక్కా కాలర్ వాసన చూడండి. నేను ఇవాళ మా తమ్ముణ్ని అడిగా, "ఉంది అన్నా, దగ్గరికొస్తే బాగానే వస్తోంది" అన్నాడు, అప్పటికి తొమ్మిది గంటలు.

వేసుకోవడం గురించి గబగబా చెప్పేస్తా. స్నానం అయ్యాక వాసన లేని మాయిశ్చరైజర్ రాసి దాని మీద కొట్టండి, పొడి చర్మం మీద తొందరగా పోతుంది. మెడ మీద ఒకటి, ఛాతీ మీద ఒకటి, ఆఫీసుకి ఇది చాలు. బట్ట మీద ఇంకా ఎక్కువసేపు ఉంటుంది, కానీ తెల్ల చొక్కా అయితే మరక పడొచ్చు, లోపలి వైపు కొట్టండి. బాటిల్ బాత్రూమ్‌లో, కిటికీ దగ్గర పెట్టకండి, వేడికీ వెలుగుకీ ముందు చెడేది ఆ నిమ్మ భాగమే. డబ్బా మీద ఓ ద పర్ఫ్యూమ్ (EDP) అని రాసుంటే ఓ ద టాయిలెట్ (EDT) కన్నా చిక్కగా ఉంటుందని మామూలుగా అంటారు, 15 నుంచి 20 శాతం అని, కానీ ఆ అంకెల మీద గట్టి నియమం ఏమీ లేదు, అందుకే డబ్బా మీద మాట కన్నా మీ చర్మం మీద ఆరు గంటల తర్వాత ఏముందో అదే చూడండి.

మామూలు రేటులో పేరున్న వుడీ ఒకటి చెప్పమంటే లలీక్ వాళ్ల ఆంక్ర్ న్వార్ చెప్తా, ఇది కూడా 2006లోదే, నతాలీ లోర్సన్ చేసింది, నల్లటి చదరపు సీసా. వట్టివేరు వాసన, తడి మట్టి, చీకటి పడ్డ అడవి. అందరికీ నచ్చేది కాదు, నాకు ప్రాణం. ముందు చర్మం మీద ఒక పూట చూసి అప్పుడు కొనండి.

[స్క్రీన్ మీద: రాత్రి 10:30]

మణికట్టు మీద దాదాపు ఏమీ లేదు, బాగా దగ్గరగా పెట్టి చూస్తే పాలలా ఒక తీపి, అంతే. చొక్కా విప్పి తలుపు వెనక తగిలించా, గదిలోంచి బయటికెళ్లి నీళ్లు తాగి తిరిగొచ్చేసరికి, తలుపు తీయగానే మళ్లీ ఆ పెన్సిల్ పొట్టు వాసన.