కొమ్ము విరిగితే ముక్కులోంచి రక్తం ఎందుకు కారుతుంది?

[తెర మీద: సాలలో గుంజకు కట్టిన ఎద్దు, ఎడమ కొమ్ముకు తెల్లటి కట్టు]

నమస్కారమండీ. ఈ ఎద్దును మా చిన్నాన్న నారాయణవలస సంతలో కొన్నాడు. వ్యాన్‌లోంచి దించుతుంటే కొమ్ము కమ్మీల మధ్య ఇరుక్కుంది. తల ఒక్కసారి విదిలించిందంతే, టప్పుమని విరిగింది. కొమ్ము దగ్గర రక్తం సరే, కాసేపటికి ఎడమ ముక్కులోంచి కూడా కారడం మొదలైంది. "బుర్ర పగిలిపోయిందేటిరా?" అని చిన్నాన్న అక్కడే చతికిలబడిపోయాడు.

బుర్ర పగల్లేదు. ఎందుకో చూడండి.

[బొమ్మ: నిలువుగా కోసిన కొమ్ము]

పైకి కనిపించేది మన గోరు లాంటి డొల్ల. దాని లోపల నుదుటి ఎముకలోంచే పెరిగిన ఎముక ఉంటుంది. రెంటికీ మధ్య రక్తనాళాలు, నరాలు నిండిన పల్చటి పొర. డొల్ల ఒక్కటే ఊడినా అంత రక్తం, అంత నొప్పి అందుకే. దూడకు ఆర్నెల్లు దాటాక నుదుటిలోని గాలి గది మెల్లగా ఈ ఎముకలోకి పాకుతుంది. ఆ గదికి ముక్కులోకి దారి ఉంది. కొమ్ము మొదట్లో విరిగితే ఆ గది తెరుచుకున్నట్టే, రక్తం అటు నుంచి ముక్కులోకి దిగుతుంది.

ఇది తెలిస్తే ఏం చేయకూడదో కూడా తెలిసిపోతుంది. ఆ రంధ్రంలో కిరసనాయిలు, ఫినాయిల్, పసుపు నీళ్లు ఏవీ పోయకండి. మంచినీళ్లు కూడా వద్దు. పోసిందంతా తలలోకే పోతుంది, లోపల చీము పడుతుంది.

[దగ్గరగా: కట్టు కడుతున్న చేతులు]

ముందు పలుపు పొట్టిగా బిగించి తల ఊపకుండా చూడండి. ఉతికిన నూలు గుడ్డ మడతపెట్టి గాయం మీద గట్టిగా అదమండి. పది నిమిషాలు తీసి చూడొద్దు. చూడాలనిపిస్తుంది, నాకూ అనిపించింది! తర్వాత గుడ్డ పట్టీని విరిగిన కొమ్ము చుట్టూ తిప్పి, మంచి కొమ్ము మీదుగా ఎనిమిది అంకెలా తెచ్చి కట్టండి. ఒక్క కొమ్ముకే కడితే రెండు విదిలింపుల్లో జారిపోతుంది.

ఈలోగా 1962కు ఫోన్ చేయండి, సంచార పశువైద్య వాహనం నంబరు అది. డాక్టరు కంటికీ కొమ్ముకూ మధ్య మత్తు సూది వేసి, వేలాడే ముక్కను కోసి, శుభ్రం చేస్తారు. ధనుర్వాతం సూది గురించి మీరే గుర్తు చేయండి.

ఆ తర్వాత అసలు శత్రువు ఈగ. కట్టు తడిసినా, వాసన వచ్చినా, పశువు తల ఒక పక్కకు వంచి నిలబడినా, ఆ పక్క ముక్కులోంచి చీము కారినా మళ్లీ డాక్టరుకు చూపించాల్సిందే. పురుగు పడిందని ఇంట్లోనే టర్పెంటైన్ పోసేయకండి.

ఇంకో మాట. దెబ్బేమీ తగలకుండానే వయసు మీరిన ఎద్దు కొమ్ము వదులై వాలిపోతుంటే, దాన్ని గుంజకేసి రుద్దుకుంటుంటే అది కొమ్ము క్యాన్సర్ కావచ్చు. ఆలస్యం చేయొద్దు.

[తిరిగి ఎద్దు: కుడితి తాగుతోంది]

ఇప్పుడు మూడో వారం. రంధ్రం పూడుతోంది కానీ పూర్తిగా మూసుకోలేదు. కాడి ఇంకా పెట్టలేదు. ఈసారి దుక్కికి చిన్నాన్న ట్రాక్టర్ మాట్లాడుకున్నాడు, గొణుక్కుంటూనే.