గ్యాస్ బిళ్లతో సరిపెట్టుకుంటే సరిపోతుందా? – ఫోన్‌లో డాక్టర్

వ్యాఖ్యాత: రాజోలు నుంచి లైన్లో ఉన్నారు. రేడియో సౌండ్ తగ్గించి మాట్లాడండి.

కాలర్: ఆయ్, నమస్కారమండీ. నాకు ఎప్పట్నుంచో గ్యాస్ ట్రబులండీ. రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా, తిండికి వేళాపాళా ఉండదు, మెడికల్ షాపులో గ్యాస్ బిళ్లలు తెచ్చుకుని పరగడుపున వేసేసుకుంటాను. మొన్న కాకినాడలో ఎండోస్కోపీ చేసి, కడుపు లోపలి పొర వాచింది, పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందని 14 రోజులకి మందులిచ్చారు. నాలుగు రోజులకే నోరంతా చేదైపోయింది, మంట కూడా తగ్గింది కదా అని ఆపేశాను. ఇప్పుడు మా బావమరిది, లోపల డీఎన్ఏ పాడైపోయి క్యాన్సర్ వస్తుందని ఒకటే టెన్షన్ పెట్టేస్తున్నాడండీ.

డాక్టర్: మీ బావమరిది చెప్పింది సగం నిజం. గాయమైతే తెల్లరక్తకణాలొచ్చి క్రిముల్ని చంపి, పనయ్యాక వెళ్లిపోతాయి, ఆ వాపు మంచిదే. మీ కడుపులో క్రిమి కదలదు కాబట్టి ఆ కణాలూ కదలవు, దాన్ని చంపడానికి ఆక్సిజన్, నైట్రోజన్‌లతో తయారైన ఘాటు రసాయనాలు ఏళ్ల తరబడి వదులుతూనే ఉంటాయి. అవి పక్కనున్న మన కణాల డీఎన్ఏకి కూడా తగులుతాయి. డీఎన్ఏ అంటే కణం ఎలా నడవాలో రాసిపెట్టిన చీటీ లాంటిది, అందులో ఏ, టీ, జీ, సీ అని నాలుగు రకాల అక్షరాలుంటాయి, వాటిలో జీకి ఆక్సిజన్ అంటుకుంటే, సీతో జతకట్టాల్సింది ఒక్కోసారి ఏతో జతకడుతుంది. అంతే, అక్షరం మారిపోతుంది.

కాలర్: మరి అది బాగవదాండీ?

డాక్టర్: రోజూ బాగవుతూనే ఉంటుంది. ఆ రిపేరు ఎలా జరుగుతుందో తేల్చినవాళ్లకి 2015లో నోబెల్ కూడా ఇచ్చారు. చిక్కేమిటంటే, వాచినచోట పొర దెబ్బతిని కొత్త కణాలు గబగబా పుడుతుంటాయి, కాలువకి ఒకచోట గండి పూడ్చేలోపు ఇంకోచోట గట్టు తెగినట్టు రిపేరుకి టైము చాలదు, తప్పు తప్పుగానే కొత్త కణాలకి వెళ్లిపోతుంది. అలాంటి తప్పులు చాలా పోగుపడితేనే క్యాన్సర్, దానికి దశాబ్దాలు పట్టొచ్చు. పైలోరీ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి క్యాన్సర్ రానేరాదు. అలాగని తేలిగ్గా తీసుకోవద్దు, ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లోనే దీన్ని క్యాన్సర్ కారకాల్లో చేర్చింది. గ్యాస్ బిళ్ల యాసిడ్‌ని తగ్గిస్తుంది, మీకు మంట తెలియదు, క్రిమి మాత్రం అక్కడే ఉంటుంది.

కాలర్: అయితే మిగిలిన మందులు ఇప్పుడు మింగేయమంటారా?

డాక్టర్: వద్దు బాబూ! మధ్యలో ఆపితే క్రిమి ఆ మందుకి లొంగకుండా తయారవ్వొచ్చు. రాసిన డాక్టరు దగ్గరికే వెళ్లి, ఆపేశానని దాచకుండా చెప్పండి, అవసరమైతే మందులు మార్చి మళ్లీ మొదటి నుంచి ఇస్తారు. కోర్సు అయిన నాలుగు వారాలకి ఊపిరి పరీక్షో మలం పరీక్షో చేయించాలి, దానికి ముందు రెండు వారాలు గ్యాస్ బిళ్ల మానాలి. ఈలోగా మలం నల్లగా వచ్చినా, ముద్ద దిగకపోయినా, ఊరికే బరువు తగ్గినా ఆగకండి.

వ్యాఖ్యాత: పసుపు నీళ్లు తాగితే పోతుందా అని మెసేజులు చాలా వస్తున్నాయి.

డాక్టర్: కూరలో పసుపు వేసుకోండి, ఎవరొద్దన్నారు? పైలోరీ మాత్రం దానికి పోదు.

వ్యాఖ్యాత: నరసాపురం నుంచి ఒకావిడ.

కాలర్: మావారు రక్తదానం చేస్తే హెపటైటిస్ బి ఉందన్నారండీ. ఒంట్లో ఏ బాధా లేదు. మా అత్తగారు పసరు మందు పోయిద్దామంటున్నారు.

డాక్టర్: వద్దమ్మా, పసరుకి ఆ వైరస్ పోదు, కొన్ని పసర్లకి కాలేయమే దెబ్బతింటుంది. లివర్‌లోనూ ఇదే తంతు, వాపు మీద వాపు, పైగా ఈ వైరస్ తన డీఎన్ఏ ముక్కల్ని మన కణాల డీఎన్ఏలోకి దూరుస్తుంది. బాధ లేదని వదిలేయకుండా లివర్ పరీక్షలు, రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష, స్కాన్ చేయించి స్పెషలిస్టుకి చూపించండి. మందు అవసరమా కాదా ఆయన చెబుతారు, అవసరమైతే వైరస్‌ని అణచి ఉంచే మాత్రలున్నాయి.

కాలర్: కలిసి తినొచ్చాండీ?

డాక్టర్: హాయిగా తినండి, కంచాల వల్ల అంటదు. రేజరు, బ్రష్షు మాత్రం ఎవరివి వాళ్లకే. మీరూ పిల్లలూ రేపే రక్తపరీక్ష చేయించుకోండి, లేదని తేలితే టీకా మూడు డోసులు, ఇప్పుడొకటి, నెల తర్వాత ఒకటి, ఆరో నెలలో ఒకటి. పిల్లలకి పుట్టినప్పుడు వేశారేమో కార్డు చూడండి.